ధ్యాస నిలవని పిల్లలకు ఆక్యుపేషనల్ థెరపీ: ఎప్పుడు, ఏ రకం, ఎక్కడ

బిడ్డకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, చంచలత్వం ప్రధానంగా కనిపించే సమస్య) ఉందని, లేదా ఉండవచ్చని డాక్టరు చెప్పిన మర్నాటి నుంచే సలహాలు మొదలవుతాయి. మందు వాడమని ఒకరు, మందు జోలికే పోవద్దని ఒకరు. రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) చేయిస్తే చాలని ఒకరు, అది ఉయ్యాల ఊపడం తప్ప మరేమీ కాదని ఇంకొకరు. బరువు దుప్పటి, మెదడు ఆటలు, న్యూరోఫీడ్‌బ్యాక్ (మెదడు తరంగాలను తెర మీద చూసి వాటిని మార్చుకునే సాధన) అంటూ జాబితా పెరుగుతూనే పోతుంది. అన్నీ ఒకే సమస్య మీద పోటీపడుతున్న పరిష్కారాల్లా కనిపిస్తాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. వీటిలో చాలావరకు వేర్వేరు ఇబ్బందుల మీద పనిచేసేవి. గుండీ పెట్టుకోవడం ఏ మందూ నేర్పదు. మందు తగ్గించినంతగా చంచలత్వాన్ని ఏ థెరపీ తగ్గించిన దాఖలా లేదు.

ఆక్యుపేషనల్ థెరపీ గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ధ్యాసను పెంచే చికిత్సగా దాన్ని చూస్తే నిరాశే మిగులుతుంది. ధ్యాస చెదిరే స్వభావం ఉండగానే బిడ్డ తన పనులు తాను చేసుకునేలా పనిని, చోటును, పద్ధతిని మార్చడం దాని బలం. ఈ సంగతి తెలిసి వెళ్లినవారికి బాగా అక్కరకొస్తుంది. తెలియక వెళ్లినవారు ఏడాది తిరిగాక "ఇంకా కుదురుగా కూర్చోవడం లేదు" అని వాపోతారు.

ఏ పూట, ఏ పనిలో

చికిత్సల జాబితా పక్కన పెట్టి, ఒక వారం పాటు చిన్న నోటుపుస్తకంలో బిడ్డ ఎక్కడెక్కడ ఆగిపోతున్నదీ రాయండి. "ఏకాగ్రత లేదు" అని రాస్తే అది ఎవరికీ పనికిరాదు. "బూట్లు వేసుకోమంటే ఒకటి వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు, రెండోదానికి మళ్లీ మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది" అని రాస్తే థెరపిస్టుకు సగం పని అయిపోయినట్టే. ఏ పూట, ఏ పని, ఎక్కడ ఆగింది, చుట్టూ ఏం జరుగుతోంది, ఎవరు ఏ సాయం చేస్తే కదిలింది. ఇంతే చాలు.

వారం గడిచాక ఆ పేజీలు తిరగేస్తే కొన్ని జాడలు దొరుకుతాయి. పని చేయడం వచ్చు, మొదలూ పెడతాడు, మధ్యలో వదిలేస్తాడు, పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుంటే మాత్రం చక్కగా ముగిస్తాడు. అయితే అది సూటిగా ధ్యాసకు సంబంధించిన ఇబ్బంది. పక్కన కూర్చున్నా పని సాగడం లేదు, గుండీ పట్టుకోవడానికే వేళ్లు తడబడుతున్నాయి, నాలుగు వరుసలు రాసేసరికి చేయి నొప్పి అంటోంది. అప్పుడు కష్టం చేతి నైపుణ్యంలో ఉంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే చదువుతుంది, గోలగా ఉన్న చోట చెవులు మూసుకుంటుంది, చొక్కా మెడ దగ్గరి లేబులు గీరుకుంటోందని గంటసేపు సతాయిస్తుంది. ఇక్కడ శబ్దం, స్పర్శ వంటివి అడ్డుపడుతున్నాయి. ఏది ముందు ఏది తర్వాతో తోచదు, పది నిమిషాలంటే ఎంతసేపో అంచనా ఉండదు, రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు ఈ రాత్రి గుర్తుకొస్తుంది. ఇది పనిని వరుసలో పెట్టుకోవడంలో ఉన్న లోటు.

మొదటి రకమే ప్రధానమైతే ముందు పిల్లల డాక్టరుతోనో పిల్లల మానసిక వైద్యులతోనో మాట్లాడాలి. మిగతా మూడు రకాలూ ఆక్యుపేషనల్ థెరపిస్టు రోజూ చూసేవే. చాలామంది పిల్లల్లో రెండు మూడు కలిసే ఉంటాయి కాబట్టి ఎక్కువ నష్టం చేస్తున్నది ఏదో తేల్చుకోవాలి.

ఇంకొక్క మాట. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించడానికి వైద్యులు అనుసరించే ప్రమాణాల ప్రకారం లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి, పన్నెండేళ్లలోపే కనబడి ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు లేదా అంతకంటే ఎక్కువ చోట్ల కనిపించాలి. బడిలో మాత్రమే, అందులోనూ ఒక్క సబ్జెక్టులోనే ధ్యాస చెదురుతుంటే కారణం వేరే కావచ్చు. సరిగా వినబడకపోవడం, బోర్డు మీది అక్షరాలు కనబడకపోవడం, చదవడంలో ఇబ్బంది, రాత్రి గురకతో చెడిన నిద్ర, కొన్ని క్షణాలపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛ, ఇవన్నీ బయటికి అశ్రద్ధలాగే కనిపిస్తాయి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. అది లేని బిడ్డకు ఏ థెరపీ చేయించినా నేల విడిచి సాము చేసినట్టే.

మందు, తల్లిదండ్రులకు శిక్షణ, ఆక్యుపేషనల్ థెరపీ

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఎంటీఏ అనే అధ్యయనం గురించి తెలుసుకోవాలి. ప్రధానంగా అమెరికాలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 579 మంది పిల్లలను నాలుగు గుంపులుగా చేసి 14 నెలలు గమనించారు. ఒక గుంపుకు జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ మందు, ఒక గుంపుకు గట్టి బిహేవియర్ థెరపీ (ప్రవర్తనను మార్చే శిక్షణ), ఒక గుంపుకు రెండూ ఇచ్చారు. నాలుగో గుంపును బయట మామూలుగా దొరికే వైద్యానికి వదిలారు. 1999లో ఫలితాలు వచ్చాయి. అశ్రద్ధ, చంచలత్వం తగ్గించడంలో మందు ఉన్న రెండు గుంపులూ ముందున్నాయి. రెండూ కలిపిన గుంపులో మందు మోతాదు తక్కువే సరిపోయింది, ఆందోళన, తల్లిదండ్రులతో సంబంధం వంటి విషయాల్లో కొంత అదనపు మేలు కనిపించింది. అధ్యయనం మొదలైన మూడేళ్లకు చూస్తే గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. మందు మంచిదనేవారు మొదటి ఫలితాన్ని, వద్దనేవారు చివరి ఫలితాన్ని మాత్రమే చెబుతారు. రెండూ నిజమే.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2019లో సవరించిన మార్గదర్శకాలు నాలుగైదేళ్ల పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకు ప్రవర్తన శిక్షణ ఇవ్వాలని, ఆరు నుంచి పన్నెండేళ్లలోపు వారికి మందు, ప్రవర్తన శిక్షణ రెండూ కలిపి ఇవ్వాలని చెబుతున్నాయి. ఆ వరుసలో ఆక్యుపేషనల్ థెరపీ మొదటి స్థానంలో లేదు. ఈ మాట థెరపిస్టులకు రుచించకపోవచ్చు కానీ తల్లిదండ్రులకు తెలియాలి. "మందు బదులు ఓటీ చేయిద్దాం" అనే ఆలోచన చాలా ఇళ్లలో వినిపిస్తుంది. మందుపై భయం అర్థం చేసుకోదగినదే. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యమవడం వంటివి డాక్టరుతో నేరుగా మాట్లాడుకోవాల్సిన సంగతులు. ఆ భయాన్ని తప్పించుకోవడానికి ఓటీని అడ్డుపెట్టుకుంటే మాత్రం బిడ్డకు రెండూ సరిగా అందవు.

మరి ఓటీ ఎందుకు? పై రెండూ చేరలేని చోట్లు ఉన్నాయి కాబట్టి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి, కొన్ని అంచనాల ప్రకారం దాదాపు సగం మందికి, శరీర కదలికలను సమన్వయం చేసుకోవడంలోనూ ఇబ్బంది ఉంటుంది. అలాంటి బిడ్డ మందు వేసుకున్నాక కుర్చీలో కూర్చుంటాడు, పెన్సిలు కూడా పట్టుకుంటాడు, అక్షరం మాత్రం అంతే వంకరగా వస్తుంది. ఇప్పుడు తన రాత ఎలా ఉందో గమనించే ధ్యాస కూడా వచ్చింది కాబట్టి చిరాకు ఇంకా పెరుగుతుంది. అలాగే బహుమతుల చార్టు పెట్టి ఎంత ఊరించినా, బడి సంచి సర్దడంలో ఎన్ని అడుగులున్నాయో తెలియని బిడ్డ దాన్ని సర్దలేదు. చేతకాని పనికి బహుమతి ప్రకటిస్తే బిడ్డకు మిగిలేది ఓటమే. ఇక్కడ ఎవరో ఒకరు ఆ పనిని విడదీసి, ఎక్కడ తెగుతోందో చూసి, కొత్త దారి నేర్పాలి. ఆక్యుపేషనల్ థెరపిస్టు చదివిన చదువు అదే.

ఓటీలోనే రెండు దారులు

ఎక్కువమంది తల్లిదండ్రులు మోసపోయేది, లేదా తమకు తెలియకుండానే తప్పు దారి ఎంచుకునేది ఇక్కడే. "ఓటీ" అని ఒకే బోర్డు కింద రెండు చాలా భిన్నమైన ఆలోచనలు నడుస్తుంటాయి.

మొదటిది ఇంద్రియాల దారి. జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 1960, 70లలో సెన్సరీ ఇంటిగ్రేషన్ సిద్ధాంతాన్ని రూపొందించారు. స్పర్శ, సమతుల్యత, కండరాల నుంచి వచ్చే సంకేతాలను మెదడు సరిగా కలుపుకోలేకపోతే నేర్చుకోవడమూ ప్రవర్తనా దెబ్బతింటాయని, తగిన ఆటల ద్వారా ఆ కలయికను మెరుగుపరిస్తే పై పనులు వాటంతట అవే మెరుగవుతాయని ఆమె భావన. ఉయ్యాలలు, మెత్తటి పరుపులు, పెద్ద బంతులు, ఎక్కే గోడలు ఉన్న థెరపీ గది ఈ సిద్ధాంతపు సంతానమే. పిల్లలకు ఆ గది ఎంతో ఇష్టం. చూసే తల్లిదండ్రులకూ ఏదో గట్టిగా జరుగుతోందనిపిస్తుంది.

రెండోది పని దారి. ఇందులో బిడ్డకు, ఇంటివారికి ముఖ్యమైన ఒక పనిని ఎంచుకుని ఆ పనినే నేర్పుతారు. కెనడాలో హెలెన్ పొలటాయ్కో, ఏంజెలా మాండిచ్ బృందం రూపొందించిన కో-ఆప్ పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. మొదట సమన్వయ లోపం ఉన్న పిల్లల కోసం వచ్చింది. లక్ష్యం ఏమిటి, ఎలా చేద్దాం, చేసి చూడు, కుదిరిందా సరిచూడు అనే నాలుగు అడుగులను బిడ్డ చేతే అనిపిస్తారు, చేయిస్తారు. థెరపిస్టు జవాబు చెప్పరు, ప్రశ్నలు వేస్తారు. బూటు లేసు ఎందుకు ఊడిపోతోందో బిడ్డే కనిపెట్టాలి. జెరూసలేంలో ఏడీహెచ్‌డీ పిల్లల కోసమే తయారైన కాగ్-ఫన్ అనే పద్ధతి కూడా ఈ కోవలోదే. ఆగడం, సరిచూసుకోవడం, శ్రమను కూడదీసుకోవడం వంటి ఉపాయాలను ఆటల్లో నేర్పి, ఇంటి పనుల్లోకి తీసుకువెళ్లడానికి తల్లినో తండ్రినో ప్రతి సెషన్‌లో కూర్చోబెడతారు.

ఈ రెండింటిలో ఏది? ధ్యాస సమస్య ఉన్న బిడ్డకైతే నా ఓటు స్పష్టంగా రెండోదానికే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే ఇంద్రియ ఆధారిత చికిత్సల ప్రభావంపై ఆధారాలు పరిమితమని, వాటిని ప్రయత్నిస్తే ఫలితాన్ని కొలుచుకునే ఏర్పాటుతో ప్రయత్నించాలని చెప్పింది. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు అయోనా నోవాక్, ఇంగ్రిడ్ హొనన్ పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ పద్ధతులన్నింటిపై వచ్చిన అధ్యయనాలను వడపోసినప్పుడు కూడా పనిని నేరుగా నేర్పేవి, తల్లిదండ్రులకు నేర్పేవి పైకి తేలాయి. లోపలి లోటును సరిచేస్తే పని దానంతట అదే వస్తుందనే పద్ధతులు వెనకబడ్డాయి. సెన్సరీ ఇంటిగ్రేషన్‌కు ఉన్న మెరుగైన ఆధారాలు ఆటిజం ఉన్న పిల్లలకు సంబంధించినవి. వాటిని తెచ్చి ఏడీహెచ్‌డీకి అంటించడం సరికాదు.

అయితే ఇంద్రియాల మాటే ఎత్తవద్దని కాదు. శబ్దానికి చెవులు మూసుకునే బిడ్డకు తరగతిలో ఫ్యాను కింది సీటు మార్చడం, హోంవర్క్ వేళ టీవీ ఆపడం, లేబులు కత్తిరించడం, గంటకొకసారి లేచి తిరగనివ్వడం వంటివి ఆ పరిశీలన నుంచే వస్తాయి. ఇవి చవకైనవి, హాని లేనివి, ఫలితం రెండు మూడు రోజుల్లో తెలిసిపోయేవి. బిడ్డ మెదడును మార్చాలని చూడకుండా చుట్టూ ఉన్న చోటును మారిస్తే అది నాకు సమ్మతమే. నెలల తరబడి ఉయ్యాల ఊపి, "లోపల మార్పు వస్తోంది, ఓపిక పట్టండి" అనే చోట మాత్రం ఓపిక పట్టనక్కర్లేదు. గంతులు వేశాక ఆ అరగంట బిడ్డ నెమ్మదించడం చూసి చికిత్స ఫలించిందనుకుంటారు చాలామంది. మైదానంలో పరుగెత్తినా అదే జరుగుతుంది, అదీ ఉచితంగా.

చేతిరాత ఈ తేడాను బాగా చూపిస్తుంది. ధ్యాస సమస్య ఉన్న పిల్లలను ఓటీకి పంపడానికి బడులు చెప్పే కారణాల్లో రాత ముందుంటుంది. థెరపీ గదిలో బంకమట్టి పిసకడం, పూసలు గుచ్చడం, క్లిప్పులు నొక్కడం గంటలకొద్దీ సాగుతాయి. వేళ్లకు బలం వస్తుంది, నిజమే. 2011లో వచ్చిన ఒక సమీక్ష చేతిరాత చికిత్సలన్నింటినీ చూసి రెండు విషయాలు తేల్చింది. రాయడాన్ని అభ్యాసం చేయించని చికిత్సలు రాతను బాగుచేయలేదు. అభ్యాసం ఉన్నా 20 సార్ల కంటే తక్కువైతే ఫలితం లేదు. వారానికి ఒక్క సెషన్ చొప్పున ఈ సంఖ్యను చేరాలంటే ఐదు నెలలు పడుతుంది. అందుకే ఇంట్లో రోజూ పది నిమిషాలు ఏం రాయించాలో చెప్పి పంపే థెరపిస్టు, గదిలో ముప్పావు గంట అద్భుతంగా పనిచేసే థెరపిస్టు కంటే మీకు ఎక్కువ మేలు చేస్తారు. పెద్ద తరగతులకు వచ్చిన బిడ్డకు టైపింగ్ నేర్పి, పరీక్షలో అదనపు సమయం అడగడం కొన్నిసార్లు ఇంకా తెలివైన పని.

ఎక్కడ చేయించాలి

థెరపీ కేంద్రం, ఇల్లు, బడి, వీడియో కాల్. ధ్యాస చెదిరే పిల్లలు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట వాడటంలో వెనకబడతారు. ఇది మనసులో పెట్టుకుంటే ఎంపిక సులువు. బడి సంచి సర్దడం ఇంట్లో నేర్పాలి. తరగతిలో నోట్సు రాసుకోవడం తరగతిలో చూడాలి. థెరపీ గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఒక పెద్ద మనిషి కళ్లన్నీ ఒకే బిడ్డ మీద ఉంటాయి. ఆ గదిలో ఏ బిడ్డయినా బాగానే చేస్తాడు. "మా దగ్గర చక్కగా చేస్తున్నాడే" అన్న మాటకు విలువ లేనిది అందుకే.

ఇంటికి వచ్చే థెరపిస్టు దొరికితే మంచిదే. దొరక్కపోతే కేంద్రానికే వెళ్లినా తల్లిదండ్రులను లోపల కూర్చోబెట్టే చోటు చూసుకోండి. బయట బెంచీ మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఎదురుచూసే పద్ధతి పిల్లలను దింపి తీసుకెళ్లే సేవ తప్ప చికిత్స కాదు. బడి విషయంలో, థెరపిస్టు నెలకు ఒకసారి వచ్చి టీచరుతో కూర్చుని రెండు మార్పులు చేయిస్తే, బిడ్డను వారానికి రెండుసార్లు తరగతి నుంచి లాగి వేరే గదికి తీసుకెళ్లడం కంటే ఎక్కువ ఉపయోగం. ఒకేసారి ఒకే సూచన ఇవ్వడం, పేజీలో సగం లెక్కలు కప్పి ఉంచడం, మిగిలిన సమయాన్ని కంటికి చూపించే టైమరు పెట్టడం, పుస్తకాలు పంచే పని బిడ్డకు అప్పజెప్పి లేచి తిరిగే అవకాశం కల్పించడం. ఇలాంటివి నలభై మంది ఉన్న తరగతిలోనూ సాధ్యమే.

వీడియో కాల్ తల్లిదండ్రులకు నేర్పడానికి బాగా కుదురుతుంది. ఫోను కెమెరాలో మీ ఇంటి టేబులు, బీరువా, గుమ్మం దగ్గరి గందరగోళం థెరపిస్టుకు నేరుగా కనిపిస్తాయి. చిన్న బిడ్డను తెర ముందు ముప్పావు గంట కూర్చోబెట్టి చేయించే థెరపీ మాత్రం నాకు నచ్చదు. నలుగురైదుగురు పిల్లల గుంపు సెషన్లు వంతు ఆగడం, ఆటలో ఓడిపోవడం వంటివి నేర్పడానికి పనికొస్తాయి. గుండీకీ రాతకూ కాదు.

వస్తువులు, యంత్రాలు

కుర్చీ బదులు బంతి, బరువు కోటు, చేతిలో నలిపే బొమ్మలు, కుర్చీ కాళ్లకు కట్టే రబ్బరు పట్టీ. వీటిపై అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. బరువు కోటు ధ్యాసను పెంచుతుందనడానికి ఆధారం బలహీనం. కొందరు పిల్లలకు ఏదో ఒకటి సాయపడుతుంది, కొందరికి అదే కొత్త ఆటవస్తువై ఉన్న ధ్యాసను కూడా ఎగరేసుకుపోతుంది. కొనకముందు అరువు తెచ్చి, ఒక వారం దానితో, ఒక వారం అది లేకుండా ఒకే రకం హోంవర్క్ చేయించి, ఎన్ని లెక్కలు పూర్తయ్యాయో లెక్కపెట్టండి. "ప్రశాంతంగా కనిపించాడు" అన్నది లెక్కలోకి రాదు. బరువు దుప్పటిని బిడ్డ తనంతట తాను తొలగించుకోగలగాలి. పసిపిల్లలకు అసలు వాడకూడదు.

న్యూరోఫీడ్‌బ్యాక్ విషయం తొందరగా ముగిస్తాను. బిడ్డకు, ఇంటివారికి ఎవరికీ ఏది నిజమైనదో తెలియకుండా చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. నిజమైన దానికీ ఉత్తుత్తి దానికీ తేడా కనిపించలేదు. వీడియో గేము రూపంలోని ఒక చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయితే పిల్లలు మెరుగైంది కంప్యూటరు మీద ధ్యాసను కొలిచే పరీక్షలో. తల్లిదండ్రులు గమనించిన మార్పు మాత్రం మామూలు గేము ఆడిన పిల్లల్లోనూ అంతే ఉంది. ఓటీ కేంద్రంలో ప్యాకేజీగా ఇవి అంటగడితే వద్దనండి.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు

డిగ్రీ, మీ దేశంలో నమోదు ఉన్నాయో లేదో అడగడం మొదటి పని. ఈ పేరుతో చిన్న కోర్సులు చేసినవారు కూడా గదులు తెరుస్తున్నారు. తర్వాత అడగాల్సినది ఒక్కటే ప్రశ్న: "మూడు నెలల తర్వాత మా బిడ్డ ఇప్పుడు చేయలేని ఏ పని చేయగలగాలి?" జవాబులో "ఏకాగ్రత మెరుగవుతుంది", "ఇంద్రియ సమన్వయం వస్తుంది" వంటి మాటలే వినిపిస్తే ఇంకో చోటు వెతకండి. "ఉదయం గోడ మీది బొమ్మల పట్టిక చూసుకుని, ఒక్కసారి గుర్తుచేస్తే పావుగంటలో తయారవుతాడు" వంటి జవాబు వస్తే కూర్చుని మాట్లాడండి.

మంచి థెరపిస్టుల దగ్గర దీనికి కొలతలున్నాయి. కెనడాలో పుట్టిన కోప్మ్ అనే పద్ధతిలో, ముఖ్యమైన పనుల్ని మీరూ బిడ్డా ఎంచి, ఇప్పుడు ఎంత బాగా చేస్తున్నాడో, దానిపై ఎంత తృప్తి ఉందో ఒకటి నుంచి పది వరకు మార్కులు వేస్తారు. తర్వాత మళ్లీ వేస్తే రెండు మార్కులో అంతకంటే ఎక్కువో పెరిగితే అది అసలైన మార్పు కింద లెక్క. 1968 నుంచి వాడుకలో ఉన్న లక్ష్య సాధన స్కేలులో ఆశించిన ఫలితాన్ని సున్నాగా పెట్టి, తగ్గితే మైనస్ రెండు వరకు, మించితే ప్లస్ రెండు వరకు ముందే రాసిపెట్టుకుంటారు. పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు. మొదలుపెట్టేముందే కొలిచారా, మళ్లీ ఎప్పుడు కొలుస్తారు అని అడిగితే చాలు.

వయసును బట్టి కూడా చూపు మారాలి. నాలుగైదేళ్ల బిడ్డకు థెరపిస్టు సమయంలో ఎక్కువ భాగం మీకు నేర్పడానికే పోవాలి. ఏడు నుంచి పదేళ్ల వయసు కో-ఆప్ వంటి పద్ధతులకు అనువైనది, ఎందుకంటే బిడ్డ తన ఉపాయాన్ని తానే మాటల్లో చెప్పగలడు. పదమూడేళ్ల అమ్మాయిని ఉయ్యాల గదిలోకి తీసుకెళితే అవమానంగా భావిస్తుంది. ఆమెకు కావాల్సింది ఫోనులో అలారాలు, వారం ప్రణాళిక, పెద్ద ప్రాజెక్టును ముక్కలు చేసుకోవడం, మరచిపోయినప్పుడు టీచరుతో ఎలా మాట్లాడాలో నేర్చుకోవడం.

ఒక్కటే వీలైతే

డబ్బు, సమయం రెండింటికీ హద్దులుంటాయి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేస్తోందో తెలియదు, బిడ్డ సాయంత్రాలన్నీ చికిత్సల మధ్య ప్రయాణాల్లో గడిచిపోతాయి. బిడ్డ ఆరేళ్లు నిండి, ఇంట్లోనూ బడిలోనూ చంచలత్వం వల్ల చదువు, స్నేహాలు దెబ్బతింటుంటే ముందు డాక్టరు దగ్గరికే. గొడవలన్నీ మాట వినకపోవడం చుట్టూ తిరుగుతుంటే తల్లిదండ్రుల శిక్షణ ముందు. మాట వింటాడు, చేయాలనీ ఉంది, చేతులూ వరుసా సహకరించడం లేదనిపిస్తే ఓటీ ముందు. మందు మొదలయ్యాక కూడా రాత, దుస్తులు, సంచి, సమయం దగ్గర ఇబ్బంది మిగిలితే అప్పుడు ఓటీకి వెళ్లడం అన్నిటికన్నా లాభసాటి, ఎందుకంటే నేర్పింది నిలిచేందుకు కావాల్సిన ధ్యాస అప్పటికి కొంత చేతికొచ్చి ఉంటుంది.

సెషన్ల సంఖ్య ముందే మాట్లాడుకోండి. పని దారిలో నడిచే పద్ధతులు సాధారణంగా పది, పన్నెండు సెషన్ల చుట్టూ రూపొందించినవే. అవి ముగిశాక ఎంచుకున్న రెండు మూడు పనులను మళ్లీ కొలవాలి. మార్పు వస్తే రెండు నెలలు ఆపి, ఇంట్లో అది నిలుస్తోందో లేదో చూడండి, నిలిస్తే కొత్త పనితో మళ్లీ వెళ్లవచ్చు. మార్పు రాకపోతే ముందు లక్ష్యాన్ని చిన్నది చేసి ఇంకో నాలుగు సెషన్లు ఇవ్వండి. అప్పటికీ కదలిక లేకపోతే థెరపిస్టును మార్చే ముందు నోటుపుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, మొదటి నిర్ధారణలో ఏదైనా తప్పిపోయిందా అని అడగండి. చదవడంలో ఇబ్బంది, నిద్ర, వినికిడి, ఈ మూడూ ఆ వరుసలోనే మళ్లీ పరీక్షించమనండి.